తక్కువ వాయించి ఎక్కువ వినిపించిన గిటారు



మన గ్రామ సంఘాలలో గిటారు ఇప్పుడు కొత్త వస్తువు కాదు. ఒకప్పుడు హార్మోనియము, డోలక్, తాళములు మాత్రమే వినిపించిన మందిరాలలోకి కీబోర్డు, రిథమ్ ప్యాడ్, గిటారు కూడా వచ్చి చేరాయి. పంట డబ్బులో కొంత మిగుల్చుకొని పిల్లలకు గిటారు కొనిచ్చిన తల్లిదండ్రులు మనలో ఎందరో ఉన్నారు. పిల్లవాడు నాలుగు కార్డులు నేర్చుకున్నాడో లేదో, చుట్టుపక్కలవారు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "వీడు సోలో ఎప్పుడు వాయిస్తాడు?"

సోలో అంటే ఏమిటో తెలియని పెద్దల కొరకు ఒక మాట. పాట మధ్యలో పాడేవారు ఆగుతారు. మిగిలిన వాద్యములు వెనుక నిలిచి ఉండగా ఒక్క వాద్యము ముందుకు వచ్చి తన నేర్పంతా చూపిస్తుంది. మన కచేరీలలో మృదంగము వాయించేవారికి తనియావర్తనము ఇచ్చినట్లే, పాశ్చాత్య దేశాల రాక్ సంగీతంలో గిటారు వాయించేవారికి ఈ అవకాశము ఇస్తారు. వేళ్లు ఎంత వేగంగా పరుగెత్తితే వాద్యకారుడు అంత గొప్పవాడని చాలామంది తలంపు.

ఈ తలంపుకు సరిగ్గా ఎదురుగా నడిచి, వాయించిన స్వరాలతోపాటు వాయించకుండా విడిచిపెట్టిన స్వరాల వలన కూడా లోకమంతటా పేరు పొందిన గిటారు వాద్యకారుడు ఒకరున్నారు. ఐర్లండు దేశపు యూటూ అనే బృందంలోని డేవిడ్ ఎవాన్స్ ఆయన. స్నేహితులు పెట్టిన 'ఎడ్జ్' అనే పేరుతోనే అందరూ ఆయనను ఎరుగుదురు.

రాక్ సంగీతముతో మనకేమి పని అని కొందరు అడుగవచ్చు. దానిని ఆరాధనలోకి తెమ్మని మేము చెప్పడం లేదు. నేర్పు ఉన్న ఒక మనిషి తన నేర్పును ఎట్లు అదుపులో ఉంచుకున్నాడో, అందువలన పాటకు ఏమి మేలు కలిగిందో చూడాలన్నదే మా ఉద్దేశము. పైగా ఈ బృందము కథలో విశ్వాసమును గూర్చిన ఒక పెద్ద ప్రశ్న కూడా ఉన్నది. దానిని ముందు ముందు చూద్దాము.

సోలోలు రాజ్యమేలిన కాలము

1960ల చివరి నుండి 1970ల మధ్య వరకు రాక్ బృందాలలో సోలోలు పెరుగుతూ పోయాయి. ఇంగ్లండుకు చెందిన క్రీమ్, లెడ్ జెప్పెలిన్, డీప్ పర్పుల్ వంటి బృందాలు వేదిక మీద ఒక్కొక్క పాటను చాలాసేపు సాగదీసేవి. 1976లో లెడ్ జెప్పెలిన్ బృందము తమ కచేరీని రికార్డుగా విడుదల చేసినప్పుడు, అందులో ఒకే ఒక్క పాట సుమారు 27 నిమిషాలు ఉన్నది. గ్రామఫోను రికార్డుకు ఒక వైపంతా ఆ ఒక్క పాటకే సరిపోయింది. వారి నేర్పును మేము తక్కువ చేయడం లేదు. ఆ గిటారు వాద్యకారులు నిజంగా గొప్ప నైపుణ్యము గలవారు. అయితే వారిని చూసి నేర్చుకున్న వందలాది బృందాలు సోలో లేకుంటే పాటే కాదన్నట్లు ప్రవర్తించసాగాయి. పాట ఎందుకు పుట్టిందో మరచి, వేళ్ల విన్యాసము చూడడానికే జనము వచ్చే పరిస్థితి ఏర్పడింది.

అదే 1976లో అమెరికాలోని రమోన్స్ అనే బృందము తమ మొదటి ఆల్బమును తెచ్చింది. అందులో 14 పాటలున్నాయి. ఆ 14 పాటలకు కలిపి పట్టిన సమయము సుమారు 29 నిమిషాలు! అవతల ఒక్క పాటకు పట్టినంత సమయంలో ఇవతల ఆల్బమంతా దాదాపు అయిపోయింది. ఈ కొత్త ధోరణికి పంక్ అని పేరు వచ్చింది. సోలోలు అక్కరలేదు, మూడు కార్డులు వస్తే చాలు, చెప్పదలచినది చెప్పి దిగిపోవాలి అన్నది వారి పద్ధతి. ఆ పద్ధతిలో కోపము, మొరటుతనము కూడా ఉన్నవి. కాని అది సంగీతము నేర్వని వేలాది యౌవనస్థులకు ధైర్యమిచ్చింది.

డబ్లిన్‌లో నలుగురు పిల్లలు

ఆ ధైర్యము అందినవారిలో డబ్లిన్ నగరపు నలుగురు విద్యార్థులున్నారు. సరిగ్గా అదే 1976లో మౌంట్ టెంపుల్ అనే పాఠశాలలో, పద్నాలుగేండ్ల లారీ ముల్లెన్ అనే కుర్రవాడు నోటీసు బోర్డు మీద ఒక కాగితము అంటించాడు. తాను డ్రమ్ములు వాయిస్తాననీ, బ్యాండు పెట్టడానికి తోడు కావాలనీ దాని సారాంశము. ఐర్లండులో ప్రొటెస్టెంటులకూ కాథలిక్కులకూ మధ్య వైరము రగులుతున్న ఆ రోజుల్లో, రెండు వర్గాల పిల్లలూ కలిసి చదువుకున్న పాఠశాల అది. ఆ కాగితము చూసి లారీ ఇంటి వంటగదిలో చేరినవారిలో నుండి నలుగురు మిగిలారు. డ్రమ్ములకు లారీ, పాడడానికి పాల్ హ్యూసన్, బేస్ గిటారుకు ఆడమ్ క్లేటన్, గిటారుకు డేవిడ్ ఎవాన్స్. పాల్‌ను నేడు లోకము 'బోనో' అని పిలుస్తుంది. దాదాపు అయిదు దశాబ్దాలు గడిచినా ఆ బృందంలో ఉన్నవారు ఆ నలుగురే.

డేవిడ్ 1961లో ఇంగ్లండులో పుట్టారు. తల్లిదండ్రులు వేల్స్ దేశస్థులు. పసివాడుగా ఉన్నప్పుడే కుటుంబము డబ్లిన్‌కు వచ్చింది. ఆయన చేతికి వచ్చిన మొదటి గిటారు తల్లి పాత సామాను అమ్మే సంతలో ఒక్క పౌనుకు కొన్నది. తరువాత అన్న డిక్‌తో కలిసి ఇంట్లోనే ఒక ఎలక్ట్రిక్ గిటారు తయారు చేసుకున్నారు. ఖరీదైన వాద్యము లేదని చిన్నబుచ్చుకునే పిల్లలకు ఈ సంగతి చెప్పదగినది.

ఆ నలుగురూ మొదట్లో ఇతర బృందాల పాటలు వాయించ ప్రయత్నించారు. అవి సరిగ్గా రాలేదు. ఇతరుల పాటలు చక్కగా వాయించలేకపోవడమే తమ సొంత పాటలు కట్టుకోవడానికి ఒక కారణమని వారే పలుమార్లు చెప్పుకున్నారు. చేతకానితనము నుండి మొదలైన ఈ దారి క్రమంగా ఒక పద్ధతిగా మారింది. చేతకానప్పుడు తక్కువ వాయించడం వింత కాదు. చేతనైన తరువాత కూడా తక్కువే వాయించడం వింత. ఎడ్జ్ చేసినది ఆ రెండవది.

ఒకే రోలు, రెండు రోకళ్లు

బృందము మొదటి ఆల్బము 'బాయ్' 1980లో వచ్చింది. దానికి కొద్దికాలము ముందు, బోనో ప్రోత్సాహంతో ఎడ్జ్ ఒక చిన్న పరికరము కొన్నారు. గిటారు శబ్దాన్ని పట్టి ఉంచి, కొంచెం ఆలస్యంగా తిరిగి పలికించే ప్రతిధ్వని యంత్రము అది. వాద్యకారులు దీనిని డిలే అంటారు. బావిలోకి వంగి కేక వేస్తే కేక తిరిగి వస్తుంది కదా, అటువంటిదే ఇది. అయితే బావిలో ప్రతిధ్వని దాని ఇష్టము వచ్చినప్పుడు వస్తుంది. ఈ యంత్రంలో ఎంత ఆలస్యము కావాలో మనము నిర్ణయించవచ్చు.

ఇక్కడే ఎడ్జ్ వివేకము కనబడుతుంది. 1987లో వచ్చిన 'వేర్ ద స్ట్రీట్స్ హావ్ నో నేమ్' అనే పాటను తీసుకుందాము. దాని నడక నిమిషానికి సుమారు 126 దెబ్బలు. అంటే ఒక్కొక్క దెబ్బకు అర సెకను కంటె కొంచెము తక్కువ. ఒక దెబ్బను నాలుగు భాగాలు చేస్తే, అందులో మూడు భాగాల ఆలస్యంతో ప్రతిధ్వని వచ్చేటట్లు ఆయన అమర్చుకున్నారు. సెకనులో మూడవ వంతు కంటె కొద్దిగా ఎక్కువ అన్నమాట. చేయి దెబ్బకు రెండేసి స్వరాలు మీటుతుంది. ఆ స్వరాల మధ్య మిగిలిన ఖాళీలలో సరిగ్గా ప్రతిధ్వని వచ్చి కూర్చుంటుంది. వినేవారికి దెబ్బకు నాలుగు స్వరాలు జలజల రాలుతున్నట్లు వినిపిస్తుంది. వాటిలో సగమే చేతివి, మిగిలిన సగము తిరిగి వచ్చినవి.

మన పల్లెల్లో ఇద్దరు స్త్రీలు ఒకే రోటిలో రెండు రోకళ్లతో వడ్లు దంచడం పెద్దలు చూసే ఉంటారు. ఒకరి రోకలి లేచినప్పుడు మరొకరి రోకలి పడుతుంది. ఇద్దరిలో ఎవరు తొందరపడినా రోకళ్లు ఢీకొంటాయి, చేతులకు దెబ్బ తగులుతుంది. ఎడ్జ్ వాయించే పద్ధతి కూడా అటువంటిదే. రెండవ రోకలి ప్రతిధ్వనిది. దానికి చోటు విడిచిపెట్టాలి. ఆ ఖాళీలలో తాను కూడా స్వరాలు కుక్కితే, ప్రతిధ్వని వాటి మీద పడి అంతా గందరగోళమవుతుంది. డ్రమ్ములు వాయించేవారితో లయ వెంట్రుకవాసి తప్పినా సంగతి బయటపడుతుంది. సోలోకు వేగము కావాలి. దీనికి మాత్రము ఓర్పు, చెవి, స్థిరమైన చేయి కావాలి. ఏది సులభమో సాధన చేసి చూసినవారికి తెలుస్తుంది.

విడిచిపెట్టిన స్వరము

ఆయన విడిచిపెట్టినవి ఖాళీలే కాదు. స్వరాలను కూడా విడిచిపెట్టారు. క్వయర్‌లో పాడేవారికి తెలిసినట్లు, మామూలు కార్డులో మూడు స్వరాలుంటాయి: దో, మీ, సో. మన సంగీతపు మాటలో చెప్పాలంటే షడ్జమము, గాంధారము, పంచమము. వీటిలో మధ్యనున్న గాంధారమే కార్డు ఉల్లాసంగా వినిపించాలో, విచారంగా వినిపించాలో నిర్ణయిస్తుంది. ఎడ్జ్ చాలా పాటలలో ఆ మధ్య స్వరాన్ని మానివేస్తారు. రెండు, మూడు తీగలు మాత్రమే మీటుతారు. మిగిలినది కచేరీలో తంబుర వినిపించినట్లు షడ్జమ పంచమాలే.

దీనివలన ఏమి జరిగింది? ఇది సంతోషపు పాటా, దుఃఖపు పాటా అన్న తీర్పును గిటారు ముందుగానే ఇచ్చివేయదు. ఆ తీర్పు పాడేవాని గొంతుకు మిగిలిపోతుంది. బోనో గొంతు పైకి లేచినప్పుడు అదే గిటారు ఆనందంగా వినిపిస్తుంది. గొంతు తగ్గినప్పుడు అదే గిటారు దిగులుగా వినిపిస్తుంది. ఇంటికి వచ్చిన అతిథి కొరకు మంచి కుర్చీ ఖాళీగా ఉంచి తాను పీట మీద కూర్చునే గృహస్థుని వలె, ఎడ్జ్ గిటారు పాటలోని మాటకు ముఖ్యమైన చోటు విడిచిపెట్టింది.

1981: విడిచిపెట్టవలసినది సంగీతమా?

ఇక ముందు చెప్పిన ప్రశ్నకు వద్దాము. 1980ల తొలి దినాలలో బోనో, లారీ, ఎడ్జ్ ముగ్గురూ డబ్లిన్‌లోని షాలోమ్ అనే చిన్న క్రైస్తవ సహవాసంలో చేరారు. ఆడమ్ అందులో చేరలేదు. ఆ ముగ్గురూ కచేరీ ప్రయాణాలలో కూడా కలిసి బైబిలు చదివి ప్రార్థించేవారు. కాని సహవాసంలోని కొందరు వారిని ఒక ప్రశ్న అడిగారు. లోక ఖ్యాతి కోరే ఈ రాక్ సంగీతము, క్రీస్తును వెంబడించుట, ఈ రెండూ ఒకే జీవితంలో ఎట్లు ఇముడుతాయి? తమను తాము తగ్గించుకొనవలసినవారు వేలమంది చప్పట్ల మధ్య వేదిక మీద నిలువవచ్చునా?

ఈ ప్రశ్న అందరికంటె ఎక్కువగా ఎడ్జ్‌ను కలవరపెట్టింది. రెండవ ఆల్బము 'అక్టోబర్' వచ్చిన 1981లో, తాను బృందమును విడిచిపెట్టాలనుకుంటున్నానని ఆయన బోనోతో చెప్పారు. ఎడ్జ్ లేకపోతే తానూ ఉండనని బోనో అన్నారు. వారు ఈ సంగతి తమ మేనేజరు పాల్ మెక్‌గిన్నెస్‌కు తెలిపారు. ఆయన వారిని కోప్పడలేదు, బ్రతిమాలలేదు. కచేరీలకు ఇదివరకే ఒప్పందాలు అయిపోయాయనీ, తమను నమ్మి పనిలో చేరినవారున్నారనీ జ్ఞాపకము చేసి, ఇచ్చిన మాట తప్పడం దేవునికి ఇష్టమవుతుందా అని అడిగారు.

ఎడ్జ్ కొంతకాలము ఆలోచించారు. చివరకు బృందంలో నిలిచిపోయారు, సహవాసమునకు మాత్రము దూరమయ్యారు. ఆయన తీర్మానము సరియైనదా కాదా అని తీర్పు చెప్పడం మా పని కాదు. ఈ విషయంలో విశ్వాసులు వేర్వేరుగా తలంచవచ్చు. మేము గమనించినది ఒక్కటే. గిటారును పూర్తిగా కింద పెట్టివేయాలా అన్నంత దూరము ఆలోచించిన మనిషి మళ్లీ దానిని చేతికి తీసుకున్నాడు. అటువంటివాని చేతిలో గిటారు 'నన్ను చూడండి' అనకుండా ఉండడంలో ఆశ్చర్యము లేదు. 1982లో బోనో వివాహమై వెళ్లిన రోజులలో, ఎడ్జ్ ఒంటరిగా కూర్చుని ఉత్తర ఐర్లండులోని హింసను గూర్చిన 'సండే బ్లడీ సండే' పాటకు పునాది వేశారు. విడిచిపెడదామనుకున్న పని ఆ విధంగా కొత్త ప్రయోజనముతో మొదలైంది.

నలుగురూ కలిసి తగ్గినప్పుడు

ఒక్క గిటారు వాయించేవాడు తగ్గితే చాలదు. డ్రమ్ములవాడు ఆ ఖాళీని నింపివేస్తే ఏమి లాభము? యూటూ బృందములో నలుగురూ తగ్గడం నేర్చుకున్నారు. దీనికి మంచి ఉదాహరణ 1987 మార్చిలో వచ్చిన 'ద జాషువా ట్రీ' ఆల్బములోని 'విత్ ఆర్ వితౌట్ యూ' అనే పాట.

పాట అయిదు నిమిషాల సేపు ఉంటుంది. ఆడమ్ బేస్ గిటారు మీద నాలుగు కార్డుల వరుస ఒకటే తిరుగుతూ ఉంటుంది, చివరి వరకు మారదు. లారీ డ్రమ్ములు మొదట్లో నీడవలె ఉంటాయి. గిటారు ఎక్కడో దూరంగా ఒక్కొక్క స్వరాన్ని సాగదీస్తూ, గాలిలో దీపము ఊగినట్లు వినిపిస్తుంది. కెనడా దేశపు సంగీతకారుడు మైకేల్ బ్రూక్ తయారుచేసిన ఒక ప్రత్యేకమైన గిటారును ఎడ్జ్ దీనికి వాడారు. మీటిన స్వరము ఆరిపోకుండా నిలిచి ఉండడం దాని లక్షణము. పాట నెమ్మదిగా పెరుగుతుంది, గొంతు కేకగా మారుతుంది, డ్రమ్ములు విరుచుకుపడతాయి. ఇక ఇప్పుడు గిటారు సోలో వస్తుందని వినేవారంతా సిద్ధమవుతారు. అక్కడ ఎడ్జ్ వాయించేది గుడిగంటలు మోగినట్లు కొన్ని సులువైన స్వరాలు మాత్రమే. నెల రోజులు నేర్చుకున్న పిల్లవాడు కూడా వాటిని మీటగలడు. పాట మెల్లగా సద్దుమణుగుతుంది.

ఆ పాట 1987లో అమెరికాలో మొదటి స్థానము పొందింది. ఆ ఆల్బమునకు 1988లో సంవత్సరపు ఉత్తమ ఆల్బముగా గ్రామీ బహుమానము లభించింది. ముప్పది రెండేండ్ల తరువాత, 2019 డిసెంబరు 15న ముంబయిలో యూటూ మన దేశంలో తమ మొదటి కచేరీ చేసినప్పుడు ఆ ఆల్బములోని పాటలన్నీ వాయించారు. జనము ఆ కొద్ది స్వరాల కొరకే ఎదురుచూశారు.

ఖాళీ కుండ కూడా తొణకదు

"నిండు కుండ తొణకదు" అని మన పెద్దలు అంటారు. నిజమే. అయితే ఖాళీ కుండ కూడా తొణకదు! సాధన చేయక, రాక, ఊరికే ఉండిపోయేవాడు 'నేను అణకువతో తక్కువ వాయిస్తున్నాను' అంటే అది సోమరితనానికి వేసిన మంచి అంగీ మాత్రమే. అణకువ అనేది ఉన్నదానిని దాచుకొనుట కాదు. ఉన్నదానిని సమయము వచ్చినప్పుడు ఇచ్చుట.

ఎడ్జ్ విషయంలో ఆ సమయము కూడా వచ్చింది. 1991లో విడుదలైన 'ఆఖ్టుంగ్ బేబీ' అనే ఆల్బము తయారవుతున్న రోజులలో ఆయన వివాహ బంధము తెగిపోయింది. ఆ ఆల్బము చివరి పాట 'లవ్ ఈజ్ బ్లైండ్‌నెస్'. అందులో ఎడ్జ్ సోలో వాయించారు. అది వేగము చూపించే సోలో కాదు. తీగలు తెగిపోతాయా అన్నట్లు, మాటలు చాలని మనిషి మూలిగినట్లు ఉంటుంది. పదేండ్లుగా ప్రతి పాటలోను ఇటువంటి సోలో వాయిస్తూ వచ్చిన వాని చేతిలో అది మరొక సోలో అయిపోయేది. పదేండ్లు ఆపుకున్నవాని చేతిలో అది కన్నీరు అయింది. ప్రతి మాటకూ ఏడ్చేవాని కన్నీటికి ఎవరూ తిరిగి చూడరు. ఎన్నడూ ఏడవని తండ్రి కంట నీరు వస్తే ఇల్లంతా నిశ్శబ్దమైపోతుంది కదా.

కాబట్టి సోలో చెడ్డదని మేము అనడం లేదు. పాట దానిని అడిగిందా లేదా అన్నదే ప్రశ్న.

ఒకరి తరువాత ఒకరు

1983లో వచ్చిన 'వార్' అనే ఆల్బములో చివరి పాట పేరు ఒక అంకె: '40'. దావీదు పేర నున్న నలుబదవ కీర్తన ఆధారంగా దానిని కట్టారు. రికార్డింగు చివరి గంటలలో ఆ పాట తయారైంది. అప్పటికి ఆడమ్ ఇంటికి వెళ్లిపోయి ఉండగా, బేస్ గిటారును కూడా ఎడ్జ్ వాయించారు. అందువలన కచేరీలలో ఆ పాట వచ్చినప్పుడు ఒక విశేషము జరిగేది. ఎడ్జ్ తన గిటారును ఆడమ్‌కు ఇచ్చి, తాను బేస్ తీసుకునేవారు. బృందమంతటిలో ఎక్కువ పేరున్న వాద్యము విడిచి, వెనుక నిలిచే వాద్యము పట్టుకోవడం!

ఎన్నో కచేరీలు ఆ పాటతోనే ముగిసేవి. వేలమంది జనము పల్లవి అందుకొని పాడుతుండగా, ముందు బోనో వేదిక దిగి వెళ్లిపోయేవారు. కొంతసేపటికి ఆడమ్, తరువాత ఎడ్జ్ వెళ్లిపోయేవారు. చివరకు లారీ ఒక్కరే డ్రమ్ములు వాయిస్తూ మిగిలేవారు. ఆయన కూడా ఆపి వెళ్లిన తరువాత వేదిక ఖాళీ. జనము మాత్రము ఇంకా పాడుతూనే ఉండేవారు, మైదానము దాటి వీధులలోకి వెళ్తూ కూడా పాడేవారు. వాద్యములన్నీ ఆగిపోయిన తరువాత పాట నిలిచి ఉండుట కంటె ఏ వాద్యకారుడు ఏమి కోరగలడు?

మన సంఘాలలో

ఈ సంగతులు మన ఆదివారపు ఆరాధనకు దూరమైనవి కావు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో వాద్యముల ప్రస్తావన ఉన్నది. పిల్లనగ్రోవి గాని వీణ గాని స్వరముల భేదము స్పష్టముగా తెలియకుండ మ్రోగితే, వాయించినది ఏమిటో ఎవరికీ తెలియదని ఆయన భావము. అదే అధ్యాయములో, కూర్చున్న మరొకనికి చెప్పవలసినది కలిగితే మాటలాడుచున్న మొదటివాడు మౌనముగా ఉండాలని కూడా చెప్పారు. కీర్తనల గ్రంథములో అక్కడక్కడ కనిపించే 'సెలా' అన్న మాట సంగీతంలో విరామమునకు గుర్తు కావచ్చునని పలువురు పండితుల అభిప్రాయము. ఆగుట కూడా సంగీతములో భాగమేనన్న మాట.

మరి మన మందిరాలలో ఏమి జరుగుతున్నది? డోలక్ గట్టిగా మోగుతుంది గనుక కీబోర్డు శబ్దము పెంచుతారు. కీబోర్డు పెరిగింది గనుక గిటారు యాంప్లిఫైయర్ పెంచుతారు. అన్నీ పెరిగాయి గనుక పాడేవారు మైకు నోటి దగ్గరకు లాక్కొని అరుస్తారు. వెనుక వరుసలో చాప మీద కూర్చున్న అవ్వకు మాత్రము చరణంలోని ఒక్క మాటా అర్థము కాదు. ఆమె చదువుకోలేదు, పాటల పుస్తకము చూసి పాడలేదు. ఆమెకు వాక్యము అందే దారులలో ఆ పాట ఒకటి. ఆ దారిని మన శబ్దముతో మనమే మూసివేస్తే ఎట్లు?

మన గానబృందములలోని యౌవనస్థులు ఈ నాలుగు సంగతులు చేసి చూడవలెనని కోరుచున్నాము.

ఒకటి, పాట సాధన చేసేటప్పుడు మందిరము వెనుక గోడ దగ్గర ఒక సెల్‌ఫోను పెట్టి రికార్డు చేయండి. తరువాత అందరూ కలిసి వినండి. ప్రతి మాట తెలుస్తున్నదా? తెలియకపోతే పాడేవారి శబ్దము పెంచకండి, వాద్యముల శబ్దము తగ్గించండి.

రెండు, గొంతు పలుకుచున్నప్పుడు అల్లిక వాయింపు మానండి. పాదానికి పాదానికి నడుమ ఊపిరి తీసుకునే చోట రెండు స్వరాలు వేయండి చాలు.

మూడు, ప్రతి పాటలోను ఒక్కొక్క చరణమునకు ఒక్కొక్క వాద్యము పూర్తిగా ఆగిపోవాలని నియమము పెట్టుకోండి. ఆగినవారు ఆ చరణము పాడాలి. తాను లేకుండా పాట ఎట్లుందో వినడం వాద్యకారునికి మంచి బడి.

నాలుగు, ఇంటిదగ్గర మాత్రము సాధన తగ్గించకండి. కుండ నిండాలి కదా.

తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు కూడా ఒక మాట. పిల్లవాడు వేగంగా వాయించినప్పుడు మాత్రమే మనము చప్పట్లు కొడితే, వేగమే గొప్పదని వానికి నేర్పినవారము మనమే అవుతాము. ఈసారి వాడు ఒక చరణమంతా గిటారు ఒడిలో పెట్టుకొని అందరితో కలిసి పాడితే, ఆరాధన అయిన తరువాత దగ్గరకు పిలిచి, "బాబూ, ఈ వేళ పాట చక్కగా వినబడింది" అని చెప్పండి. వెనుక వరుసలోని అవ్వను కూడా అడిగి చూడండి, ఏ చరణము మనసుకు తగిలిందో. ఆమె చెప్పగలిగితే ఆ పిల్లవాని గిటారు తన పని తాను చేసినట్లే.